ఆటోక్లేవా, ఫిల్టరా, కొన్న సీసానా: ల్యాబ్‌లో స్టెరైల్ ద్రావణాలకు ఏ దారి మంచిది?

"అక్కా, దీన్ని ఆటోక్లేవ్‌లో పెట్టేసేదా?"

కొత్త పిల్లలు చేరిన మొదటి రెండు నెలలూ ల్యాబ్‌లో నాకు రోజూ వినిపించే మాట ఇది. ఆటోక్లేవ్ అంటే పీడనంతో ఆవిరి పట్టి సూక్ష్మజీవుల్ని చంపే, కుక్కర్ లాంటి యంత్రం; బతికున్న సూక్ష్మజీవి ఒక్కటీ మిగలకపోతే అది స్టెరైల్. ఎస్వీ యూనివర్సిటీలో చదివినా, పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివినా, ఏర్పేడు దగ్గరి ఐసర్‌లో ప్రాజెక్టుకు చేరినా, తిరుపతిలో బయాలజీ చేసేవాళ్లెవరికైనా మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న. చాలామందికి దొరికే జవాబు మాత్రం "మన దగ్గర ఇట్లే చేస్తారు" అని. ఎందుకట్లా అని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

నేను పదేళ్లకు పైగా సీసాలు కడిగి, నింపి, లేబుళ్లు అంటిస్తున్నాను. నాకు తెలిసొచ్చింది ఇది: ద్రావణం పాడయ్యేది ఎక్కువగా స్టెరిలైజ్ చేసిన రోజు కాదు, ఆ తర్వాత మూత తీసిన రోజుల్లో. కాబట్టి ఏ పద్ధతి అని పడే టెన్షన్‌లో సగం, ఎంత చిన్న సీసా అన్నదాని మీద పెట్టండి. అయినా పద్ధతి ముందు తేల్చుకోవాలి కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం.

వేడి తట్టుకుంటే ఆటోక్లేవ్

ద్రావణంలో ఉన్నది వేడికి పాడవకపోతే ఆటోక్లేవ్‌ను మించింది లేదు. చవక, నమ్మకం, ఒకేసారి ఇరవై సీసాలు పెట్టొచ్చు. సెలైన్ (ఉప్పు నీళ్లు), పీబీఎస్, ట్రిస్ (ఈ రెండూ బఫర్లు, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచేవి), ఈడీటీఏ (లోహపు అయాన్లను పట్టి ఉంచేది), ఎల్బీ మీడియం (బాక్టీరియాను పెంచే పోషక ద్రావణం), ఉత్త నీళ్లు అన్నీ దీనికే. 121 డిగ్రీల సెల్సియస్, చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, 15 నుంచి 20 నిమిషాలు అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఆ లెక్క చిన్న సీసాలకు. టైమర్ లెక్కపెట్టేది యంత్రం లోపలి ఆవిరి వేడిని, సీసా నడిమధ్య ఉన్న నీళ్ల వేడిని కాదు. అర లీటరు సీసాకు అరగంట, లీటరుకు 40 నిమిషాల దాకా ఇవ్వాలి. అట్లని మరీ ఎక్కువసేపు ఉంచితే మీడియం ముదురు రంగుకు తిరుగుతుంది. చిన్న సీసాలు మేలు అనడానికి ఇది మొదటి కారణం.

రెండో తప్పు గాలి. ఇంట్లో కుక్కర్‌కి వెయిట్ పెట్టే ముందు ఆవిరి బుస్సుమని రానిస్తాం కదా, ఇక్కడా అంతే. లోపలి గాలి పూర్తిగా పోకముందే వాల్వు మూస్తే ముల్లు 15 దగ్గరే నిలబడుతుంది గానీ వేడి 121కి చేరదు. గాలీ ఆవిరీ కలిసి ఆ పీడనం చూపిస్తాయి, అంతే. అందుకే నేను పీడనం ముల్లు కంటే ఉష్ణోగ్రత ముల్లునే నమ్ముతాను. ఇంకో సంగతి, ఎత్తైన ఊళ్లలో పనిచేసేవాళ్లకి: మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, బయటి గాలి పీడనం అక్కడ తక్కువ. ముల్లు అదే 15 చూపించినా లోపలి వేడి తిరుపతిలో కంటే దాదాపు ఒక డిగ్రీ తక్కువ ఉంటుంది. పెద్ద తేడా కాదు గానీ రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఇస్తే పోయేదేమీ లేదు.

మధ్యలో కరెంటు పోతే? మళ్లీ 121కి వచ్చాక సున్నా నుంచి లెక్కపెట్టాలి. "ముందే పది నిమిషాలు అయింది, ఇంకో పది చాలు" అనే బేరాలు ఇక్కడ పనికిరావు.

ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు పడితే స్టెరైల్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ టేపు చెప్పేది ఈ సీసా ఆవిరి లోపలికి పోయి వచ్చింది అని మాత్రమే. యంత్రం నిజంగా పనిచేస్తోందా అని తెలియాలంటే జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే బాక్టీరియా స్పోర్లు (దాని మొండి నిద్రాణ రూపాలు) ఉన్న స్ట్రిప్పునో, చిన్న గొట్టాన్నో సీసాల మధ్య పెట్టి, తర్వాత 55 నుంచి 60 డిగ్రీల దగ్గర పెంచి చూడాలి. వేడిని అంత మొండిగా తట్టుకునే జీవి చచ్చిందంటే మిగతావి బతకవు. నెలకొకసారి చేసినా చాలు, మనసు కుదుటపడుతుంది.

ప్రమాదం సంగతి. మూతలు ఒక చుట్టు వదులు చేసి పెట్టాలి. సీసాను మూడొంతుల్లో రెండొంతులే నింపాలి. పీడనం సున్నాకు వచ్చిందని వెంటనే తెరవకూడదు, లోపలి ద్రవం ఇంకా మరుగు స్థాయికి పైనే ఉండొచ్చు, కదలకుండా. నా మొదటి ఏడాది ఒక సాయంత్రం బస్సు పోతుందని తొందరపడి అగర్ (మీడియాన్ని గట్టిపరిచే పొడి) కలిపిన సీసా బయటికి తీసి కాస్త ఊపాను. అంతే, పాలు పొంగినట్లు పొంగి మూతను నెట్టుకుని చేతి మీదికొచ్చింది. మందపాటి గ్లౌజులు ఉన్నాయి కాబట్టి మణికట్టు దగ్గర ఒక మచ్చతో పోయింది. 80 డిగ్రీల కిందికి దిగేదాకా ఆగండి. బస్సు ఇంకోటి వస్తుంది.

బ్లీచ్ కలిసినవి, క్లోరోఫాం, ఫినాల్, ఆల్కహాల్, సోడియం అజైడ్ (నిల్వకు కలిపే విషం) ఉన్నవి దగ్గరికి కూడా తీసుకురావద్దు. విషవాయువులు వస్తాయి, కొన్ని మంటలంటుకుంటాయి.

వేడికి చెడేవి, ఒకదానితో ఒకటి పడనివి

అన్నీ వేడికి చచ్చిపోవు, కొన్ని తోటి పదార్థంతో గొడవపడతాయి. గ్లూకోజ్ ఒంటరిగా ఉంటే ఆటోక్లేవ్‌ను చాలావరకు తట్టుకుంటుంది. అమైనో ఆమ్లాలతో కలిపి పెడితే గోధుమ రంగుకు తిరుగుతుంది, బెల్లం పాకం పెట్టినట్లు. కాబట్టి చక్కెర వేరుగా, మిగతాది వేరుగా చేసి చల్లారాక కలపాలి. కాల్షియం, ఫాస్ఫేటు ఒకే సీసాలో ఉడికితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. బైకార్బనేట్ ఉన్న మీడియాను ఆటోక్లేవ్ చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పైకెక్కుతుంది. ఎర్రగా ఉండాల్సిన మీడియం ఊదా రంగులో బయటికొచ్చిందంటే జరిగింది అదే.

ఆంపిసిలిన్ (యాంటీబయాటిక్), ఐపీటీజీ (బాక్టీరియాలో జన్యువును పనిచేయించే రసాయనం), సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), ఎంజైములు, విటమిన్లు, ఇవన్నీ ఫిల్టర్ దారికే పోవాలి.

మొక్కల టిష్యూ కల్చర్ (చిన్న ముక్క నుంచి మొక్కను పెంచడం) చేసేవాళ్లకి ఈ ఎంపిక రోజూ ఉంటుంది. శేషాచలం కొండల ఎర్రచందనం మీద పనిచేసే పిల్లలు మా దగ్గరికి సలహాకు వస్తుంటారు. 1962 నుంచీ ప్రపంచమంతా వాడుతున్న మురషిగే–స్కూగ్ మీడియాన్ని ఆటోక్లేవ్ చేయొచ్చు. అందులో కలిపే హార్మోన్లలో బీఏపీ, కైనెటిన్, ఎన్ఏఏ, 2,4–డి వేడికి తట్టుకుంటాయి. ఐఏఏ, జియాటిన్, జిబ్బెరెల్లిక్ ఆమ్లం తట్టుకోవు. అన్నీ ఒకేసారి కలిపి ఉడికించి, మొలక రాలేదని విత్తనాన్ని తిట్టేవాళ్లను చూశాను. ఐఏఏని ఫిల్టర్ చేసి పక్కన పెట్టుకుని, మీడియం చేయి పట్టేంత వేడికి దిగాక కలపండి.

ఫిల్టర్: పొర ఏదో చూడకుండా కొనొద్దు

0.22 మైక్రాన్ల రంధ్రాలున్న పొర బాక్టీరియాను ఆపుతుంది. వైరస్‌లను ఆపదు. ఒంటికి గట్టి గోడ లేని మైకోప్లాస్మా అనే బుల్లి బాక్టీరియా ఆ సందుల్లోంచి ఒత్తుకుని జారిపోగలదు, సెల్ కల్చర్ (కణాలను పెంచే పని) వాళ్లకి అందుకే 0.1 మైక్రాన్ల పొర అవసరమవుతుంది. చచ్చిన బాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్‌ను ఫిల్టరూ ఆపదు, ఆటోక్లేవూ చంపదు. గాజు సామాను మీది ఎండోటాక్సిన్ పోవాలంటే పొడి ఓవెన్‌లో 250 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. జంతువులకు ఎక్కించే ద్రావణాల్లో ఇది మర్చిపోతే ఎలుకకు జ్వరం మందు వల్ల వచ్చిందో నీళ్ల వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

పొరల్లో నా మొదటి ఎంపిక పీఈఎస్ (పాలీఈథర్‌సల్ఫోన్) అనే ప్లాస్టిక్ పొర. ప్రోటీన్‌ను పెద్దగా పట్టుకోదు, త్వరగా దిగుతుంది. పీవీడీఎఫ్, సెల్యులోజ్ అసిటేట్ కూడా ప్రోటీన్‌కు మంచివే. నైలాన్ మాత్రం ప్రోటీన్‌ను అతుక్కుంటుంది. పలుచటి ఎంజైమ్ ద్రావణాన్ని నైలాన్ గుండా పంపితే కిందికి ఉత్త బఫర్ దిగుతుంది, విలువైనదంతా పొర మీదే మిగులుతుంది. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కలిపిన మందులకు పీఈఎస్, సెల్యులోజ్ పొరలు పనికిరావు, డీఎంఎస్ఓ వాటిని మెత్తబరిచి కరిగిస్తుంది. దానికి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) లేదా నైలాన్. అసలు వంద శాతం డీఎంఎస్ఓలో బాక్టీరియా బతకదు కాబట్టి శుభ్రమైన సీసాలో కలిపితే ఫిల్టర్ అక్కర్లేదనే వాళ్లతో నేనూ ఏకీభవిస్తాను. ఇథనాల్‌లో కరిగించే క్లోరాంఫెనికాల్‌కీ ఇదే మాట.

10 మిల్లీలీటర్ల యాంటీబయాటిక్‌కు సిరింజి ఫిల్టర్ చాలు. అర లీటరు మీడియానికి సిరింజి పట్టుకుని కూర్చుంటే బొటనవేలు వాస్తుంది. సీసా మూతి మీద బిగించి వాక్యూమ్‌తో లాగే ఫిల్టర్ తీసుకోండి. సీరం లాంటి చిక్కటిది అయితే ముందు 0.45 గుండా పంపి తర్వాత 0.22, లేకపోతే మధ్యలోనే మూసుకుపోతుంది. మూసుకుపోయిందని చిన్న సిరింజితో గట్టిగా తోయకండి. సిరింజి ఎంత సన్నమైతే పీడనం అంత ఎక్కువ, పొర చిరిగినా పైకి తెలియదు. తెలుసుకునే సులువు ఒకటుంది: పని అయ్యాక సిరింజిలోకి గాలి లాగి అదే ఫిల్టర్ గుండా నెట్టండి. తడిసిన పొర గాలిని గట్టిగా అడ్డుకోవాలి. సుయ్యిమని పోయిందంటే చిరిగినట్లే, ఆ బ్యాచ్ మళ్లీ చేయాలి. వాడిన సిరింజి ఫిల్టర్‌ను కడిగి మళ్లీ వాడే పొదుపు కొన్ని చోట్ల చూశాను. ఆ పొదుపు నాకు వద్దు.

కొనడం ఎప్పుడు న్యాయం?

సీరం, ట్రిప్సిన్ (ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్), జంతువులకు ఇంజెక్షన్ ఇచ్చే సెలైన్, ఈ మూడూ నేను కొనే తీరతాను. బఫర్లు కొనడం మాత్రం నాకు మనస్కరించదు. కంపెనీ సీసాలో ఎక్కువ భాగం నీళ్లే కదా, ఆ నీళ్లకు చెన్నై నుంచో బెంగళూరు నుంచో బండి చార్జీ ఎందుకు?

మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం సెలైన్, ఇంజెక్షన్ నీళ్లు చిన్న పనులకు బాగా ఉపయోగపడతాయి. లేబుల్ పూర్తిగా చదవండి. బాక్టీరియోస్టాటిక్ అని ఉంటే అందులో బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది, కణాలకు అది విషం. ఏ నిల్వ మందూ లేని సీసా అయితే తెరిచిన రోజే వాడేసి మిగిలింది పారబోయాలి. ఇక మనం ల్యాబ్‌లో చేసుకున్నది ఎంత స్టెరైల్ అయినా మనుషులకు ఎక్కించడానికి కాదు. ఇది చెప్పాల్సిన మాటేనా అంటారేమో, ఎవరో ఒకరు అడిగారు కాబట్టే చెబుతున్నా.

మే నెలలో సీరం తెప్పిస్తే సోమవారం బయల్దేరేట్లు ఆర్డర్ పెట్టండి. శుక్రవారం బయల్దేరిన పెట్టె ఆదివారం ఏ గోదాములోనో ఎండకు మగ్గుతుంది. బ్రహ్మోత్సవాల వారంలో, ముఖ్యంగా గరుడ సేవ నాడు, ఊళ్లో బండి కదలదని వేరే చెప్పాలా.

నీళ్లు, సీసా, హుడ్

వీటి మీద ఎక్కువసేపు ఆగను. బోరు నీళ్లను ఆటోక్లేవ్ అడుగున పోస్తే హీటర్ కాయిల్‌కు తెల్లగా సున్నం పట్టేస్తుంది, అక్కడ కూడా డిస్టిల్డ్ వాటరే పోయండి. డిస్టిల్డ్ వాటర్‌ను క్యాన్‌లో నెలల తరబడి ఉంచితే లోపలి గోడకు జిగట పొర పడుతుంది. ఆ వారానికి సరిపడా పట్టుకోండి.

సీసా అయితే బోరోసిలికేట్ గాజు. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కూడా ఆటోక్లేవ్‌ను తట్టుకుంటుంది, పాలీస్టైరీన్ ముద్దవుతుంది. జ్యూసు సీసాలు కడిగి వాడితే మామూలు గాజు కాబట్టి వేడికి పగులుతాయి. గోటికి తగిలే గీత ఉన్న బోరోసిలికేట్ సీసాను కూడా ఆటోక్లేవ్‌కు దూరం పెట్టండి.

హుడ్ (వడగట్టిన గాలి వీచే పని అర) విషయంలో మాత్రం ఒక తేడా తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అడ్డంగా గాలి వీచే లామినార్ ఫ్లో మీ ద్రావణాన్ని కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. లోపలున్నదంతా మీ ముఖం మీదికే వీస్తుంది. మీడియా పోయడానికి అది చాలు. రోగుల నమూనాలు, రోగకారక బాక్టీరియా, విషపు మందులు అయితే క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ తప్పనిసరి. ఆ క్యాబినెట్‌లో బర్నర్ వెలిగిస్తే మంట వేడికి గాలి ప్రవాహం చెదిరిపోతుంది, వెలిగించకండి. మా ఎండలకి స్పిరిట్ ఇట్టే ఆవిరవుతుంది. 70 శాతం ఆల్కహాల్ చల్లి, చేతులు ఆరకముందే మంట దగ్గరికి పోయే అలవాటు ఉంటే ఈరోజే మానుకోండి. 70 శాతమే ఎందుకంటే, సూక్ష్మజీవి ప్రోటీన్ ఆకారాన్ని చెడగొట్టడానికి ఆల్కహాల్‌కు కాస్త నీళ్ల తోడు కావాలి. స్వచ్ఛమైనదైతే అంత బాగా పనిచేయదు, త్వరగా ఆవిరైపోతుంది కూడా.

మా అవ్వ మడి కట్టుకున్నప్పుడు వంటింట్లోకి అడ్డంగా చేయి చాపితే ఊరుకునేది కాదు. హుడ్‌లో తెరిచిన సీసా మీదుగా చేయి పోనివ్వకూడదని పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆమే గుర్తొస్తుంది.

నిల్వ: అసలు గెలుపోటములు ఇక్కడ

ఏటా ఎండాకాలం ఆవకాయ పెద్ద జాడీలో పెట్టి, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటాం. పెద్ద జాడీలో రోజూ గరిటె పెడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. అదే మనిషి ల్యాబ్‌కొచ్చి లీటరు పీబీఎస్ సీసాను నెల పాటు రోజుకు నాలుగుసార్లు తెరుస్తాడు! లీటరు సీసా ఒకటా, వంద మిల్లీలీటర్లవి పదా అంటే నా ఓటు ఎప్పుడూ పదికే. కడగడానికి విసుగే, ఒప్పుకుంటా. కానీ ఒకటి పాడైతే పోయేది పదో వంతు. ఎప్పుడు పాడైంది, ఎవరు తెరిచారు అన్నదీ తెలుస్తుంది. కణాల పనికి ఇంకా చిన్నవి, 50 మిల్లీలీటర్లవి. సీసాలోకి నేరుగా పిపెట్ ముంచకుండా కావాల్సినంత చిన్న గొట్టంలోకి ఒంపుకోండి. మిగిలింది వెనక్కి పోయొద్దు.

లేబుల్ మీద "గది ఉష్ణోగ్రతలో ఉంచండి" అని ఉంటే ఆ గది 20 నుంచి 25 డిగ్రీలది. ఏసీ లేని మన గది మేలో 35 దాటుతుంది. ఉప్పు ద్రావణాలకు ఫర్వాలేదు. రంగులు, విటమిన్లు, యాంటీబయాటిక్‌లు పాడవుతాయి. ఏసీ 18కి పెట్టిన గదిలో 10 శాతం ఎస్‌డీఎస్ డిటర్జెంట్ ద్రావణం గడ్డకట్టి తెల్లగా మారుతుంది, అది పాడవడం కాదు, గోరువెచ్చటి నీళ్లలో పెడితే మళ్లీ కరుగుతుంది.

ట్రిస్ ఒక్కటి వేరుగా చెప్పాలి. డిగ్రీ పెరిగిన కొద్దీ దాని పీహెచ్ దాదాపు 0.03 తగ్గుతుంది. 35 డిగ్రీల బల్ల మీద 7.5కి సర్దిన ట్రిస్‌ను 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే 8.3 దాటిపోతుంది. చలిగదిలో ప్రోటీన్ పని చేసేవాళ్లు మా ఊరి ఎండను లెక్కలోకి తీసుకోకపోతే, ప్రోటీన్ ఎందుకు ముద్దకట్టిందో తెలియక నెలలు పోగొట్టుకుంటారు. ఏ వేడిలో వాడతారో ఆ వేడి దగ్గరే పీహెచ్ చూడండి.

ఫ్రీజర్‌లో ఆంపిసిలిన్‌ను మైనస్ 20 దగ్గర ఒక్క మిల్లీలీటరు చొప్పున పెట్టుకోండి, కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు. ఇళ్లలో వాడే, మంచు దానంతట అదే కరిగే ఫ్రీజర్ ల్యాబ్‌కు పనికిరాదు. రోజూ కాస్త వేడెక్కి చల్లబడుతుంటుంది, ఎంజైములకు అది చాలు చావడానికి. కరెంటు పోయినప్పుడు ఏం మిగిలిందో చూద్దామని తలుపు తెరవకండి. మూసి ఉంటేనే చలి నిలుస్తుంది.

సీసా తేటగా ఉంది కాబట్టి స్టెరైల్ అనుకోవడం పెద్ద మోసం. మిల్లీలీటరుకు బాక్టీరియా లక్షల్లో పెరిగితే గానీ కంటికి మబ్బు కనిపించదు. కొత్త బ్యాచ్ చేసినప్పుడు ఒక చిన్న సీసాను బలి ఇవ్వండి. దాన్లోంచి కాస్త ఎల్బీలో కలిపి 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచి చూడండి. బూజు అనుమానం ఉంటే ఇంకొంచెం 25 దగ్గర వారం పాటు. ఫలితం వచ్చేదాకా మిగతావి ముట్టకండి.

లేబుల్ మీద పేరు, గాఢత, పీహెచ్, తయారుచేసిన తేదీ, ఆటోక్లేవా ఫిల్టరా, మీ పొట్టి సంతకం, మొదటిసారి తెరిచిన తేదీ. చివరిది ఎవరూ రాయరు, నాకు అన్నిటికంటే కావాల్సింది అదే. పేరు లేని సీసా కనిపిస్తే వాసన చూసి ఊహించకండి. అడిగినా ఎవరూ మాదే అనకపోతే సింకులో పోయకుండా రసాయన వ్యర్థాల డబ్బా పక్కన పెట్టండి. అందులో అజైడ్ ఉంటే రాగి, సీసం గొట్టాల్లో పేరుకుని పేలగలదు. ఆ సీసా కడిగే పని మాత్రం కొత్తగా చేరిన పిల్లలకు చెప్పకండి.